గచ్చుకి గిరాకీ

ఆ పూత ఎంత గట్టిదో తెలియాలంటే పాప వాళ్ళ నాన్నగారి ఆఫీసు గది చూడాలి. ఆరేళ్ళ కిందట పాప తన షెడ్డులో రెండు డబ్బాల సరుకు కలిపి మొట్టమొదట పరిచింది ఆ గది గచ్చు మీదే. అప్పట్నుంచి దాని మీద ఇనప బీరువాలు ఈడ్చారు. యాసిడ్ సీసా ఒకటి భళ్ళున పగిలింది. వచ్చిన ప్రతి పెద్దమనిషి ముందూ నాన్నగారు డ్రాయరులోంచి సుత్తి తీసి, నాలుగు బాదులు బాది, "చూశారా" అని మీసం దువ్వుకున్నారు. గీత పడలేదు, మరక పడలేదు, పెచ్చు ఊడలేదు. ఇన్నేళ్ళలో ఆ గదిలో అరిగిపోయినవి నాన్నగారి చెప్పులూ, సుత్తి పిడీ మాత్రమే.

పాప అంటే చిన్నపిల్ల అనుకునేరు. నలభై దాటాయి, చెవుల దగ్గర జుట్టు తెల్లబడింది, కెమిస్ట్రీలో పెద్ద చదువే చదివింది. కానీ పుట్టినప్పుడు ఇంట్లో ఏమని పిలిచారో నాన్నగారి ఫ్యాక్టరీలోనూ అలాగే పిలిచారు. జీతాలిచ్చే గుమాస్తా దగ్గర్నుంచి లారీ డ్రైవరు దాకా అందరికీ ఆమె పాపే. పెరిగి పెద్దదయ్యే అవకాశం ఎవరూ ఇవ్వలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇంత గొప్ప సరుకుకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అది ఎవరికీ అక్కర్లేదు.

కార్ల గ్యారేజీ యజమాని నమూనా పలకని గోరుతో గీకి చూసి, "నేను పోయాక కూడా ఉండే గచ్చు నాకెందుకమ్మా, నా కొడుకు ఈ గ్యారేజీ ఎలాగూ అమ్మేస్తాడు" అన్నాడు. గోదాము ఆయనది అద్దె కట్టడం, యజమాని కోసం ఆయనెందుకు గచ్చు వేయించాలి? ఒక పెద్ద కాలేజీలో మరమ్మతుల ఆఫీసరైతే పాపని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తలుపు దగ్గరగా వేసి మరీ బోధపరిచాడు. గచ్చు ఏటేటా పాడైతేనే ఏటేటా మరమ్మతు నిధులొస్తాయి. అది పాడవడం మానేస్తే ఆయన ఉద్యోగం ఏం కావాలి? "మీరు చేసింది మంచి సరుకేనమ్మా, కాదనను. మరీ ఇంత మంచిది చెయ్యకుండా ఉండాల్సింది" అని సానుభూతి చూపించి పంపించాడు.

లోకం తీరు నాన్నగారికి అంతుపట్టలేదు కానీ తమ్ముడికి బాగానే పట్టింది. తమ్ముడంటే పాప కంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు, కంపెనీలో ఆమె కంటే నాలుగు మెట్లు పెద్దవాడు. వాడు ఎక్కణ్ణుంచో గోడ స్టిక్కర్లు తెప్పించి అమ్మడం మొదలుపెట్టాడు. పువ్వులు, సీతాకోక చిలకలు, జలపాతాలు. ఏడాది తిరక్కుండానే అవి అంచుల దగ్గర లేచి, దుమ్ము పట్టి, ఊడి కింద పడతాయి. జనం తిట్టుకుంటూ మళ్ళీ కొంటారు. "ఊడిపోవాలక్కా, ఊడిపోయేదే సరుకు" అని వాడు అక్కకి వ్యాపారం నేర్పేవాడు. స్టిక్కర్లు నిజంగానే అమ్ముడుపోతున్నాయి మరి.

అలాంటి రోజుల్లో నాన్నగారు మార్కెట్ వెతికి పెట్టడానికి ఒక సలహాదారుణ్ణి కుదిర్చారు. ఆయన ఏం చెప్పినా తెర మీద బాణాలు గీసి చెప్తాడు కాబట్టి ఫ్యాక్టరీలో ఆయన్ని బాణాలాయన అనేవారు. ఒక బాణం పైకి వెళ్ళేది, ఒకటి గుండ్రంగా తిరిగి మొదటికొచ్చేది, ఒకటి తెర అంచు దాటి ఎటో పోయేది. రెండో సమావేశంలో ఆయన అన్నిటికంటే లావు బాణం ఒకటి గీసి, దాని మొన దగ్గర ఒక విమానం బొమ్మ పెట్టాడు. "హ్యాంగర్లు" అన్నాడు. విమానాలని బాగుచేసే షెడ్లు. కొండంత బరువు, గట్టి నూనెలు, పగలూ రాత్రీ పని. గట్టి గచ్చు అక్కడ కాక ఇంకెక్కడ కావాలి? నాన్నగారు చప్పట్లు కొట్టారు, తమ్ముడూ కొట్టాడు. ఆ తర్వాత అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎందుకంటే హ్యాంగర్ ఉన్న మనిషి అక్కడ ఎవరికీ తెలీదు. బాణాలాయన్ని అడిగితే, దిశ చూపించడం వరకే తన పని అన్నాడు.

దాంతో తండ్రీ కొడుకులు కాలికి బలపం కట్టుకుని తిరిగారు. ఒకరోజు సూటు వేసుకుని విమానాశ్రయానికి వెళ్ళి, టికెట్లు అమ్మే కౌంటర్ దగ్గర వరసలో నిలబడ్డారు. తమ వంతు వచ్చాక నాన్నగారు కిటికీలోంచి వంగి, "మీ విమానాలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాయమ్మా" అని అడిగారు. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండానే ఏదో మీట నొక్కింది. మిగతా మధ్యాహ్నమంతా కిటికీలు లేని ఒక గదిలో ఇద్దరు పోలీసులకి నాన్నగారు గచ్చు పూత గొప్పతనం వివరించారు. వాళ్ళు కూడా కొనలేదు.

హ్యాంగర్ దొరికింది పాపకే. అందులో గొప్పేం లేదు, విమానాల మరమ్మతు చేసే సంస్థలకి కూర్చుని ఉత్తరాలు రాసింది, అంతే. చాలామంది జవాబివ్వలేదు. ఒకచోట చీఫ్ ఇంజనీరు మాత్రం "వచ్చి కలవండి" అని రెండు ముక్కలు రాసింది.

ఆవిడ సన్నగా, పొడుగ్గా, చేతిలో చిన్న టార్చితో ఉంది. పలకరించేటప్పుడు కూడా పాప మొహంలోకి చూడకుండా నేల చూపులు చూస్తోంది. మొహమాటస్తురాలేమో అనుకుంది పాప. కాసేపటికి అర్థమైంది, అక్కడ పనిచేసే వాళ్ళందరి చూపూ నేల మీదే ఉంది. నడుస్తూ, నవ్వుకుంటూ, టీ తాగుతూ కూడా వాళ్ళు గచ్చు మీద ఏదో వెతుకుతున్నారు.

"ఇక్కడ ఒక స్క్రూ కింద పడి దొరక్కపోతే విమానం కదలదండీ" అంది చీఫ్. "అది గచ్చు మీద పడిందో, లోపల ఏ తీగల మధ్య పడిందో తెలియాలి కదా. మొన్న ఒక వాషర్ కోసం రోజంతా మోకాళ్ళ మీద పాకాం."

పాప ఆ గచ్చు చూసింది. ముదురు బూడిద రంగు, నూనె మరకలు, అతుకు మీద అతుకు. విమానాల్లో వాడే ఊదారంగు నూనె ఒకటి ఉంటుంది, అది కారిన చోటల్లా మామూలు రంగు ఉడికిన తొక్కలా ముడతలు పడి లేచిపోయింది. అలాంటి దాని మీద ఏనుగు పడుకున్నా కనపడదు, ఇక స్క్రూ ఏం కనపడుతుంది? తన పూత తెల్లగా వేస్తే ఎలా ఉంటుందో ఆమెకి ఆ నిమిషమే కళ్ళ ముందు కనపడింది. ఆరేళ్ళుగా తను చేసింది దేనికోసమో మొదటిసారి తెలిసొచ్చి, ఆమెకి ఏడుపు లాంటి సంతోషం వచ్చింది.

చీఫ్ ఒక మూల ఇచ్చింది, ఒక విమానం ముక్కు కింద పట్టేంత జాగా. "వేసి చూపించండి. వానాకాలం దాటేదాకా వాడి చూస్తాం. అప్పుడు మాట్లాడదాం" అంది. తడి పూత మీద అడుగులు పడకుండా పాప అడుగున ముళ్ళున్న చెప్పులు తొడుక్కుని తనే దిగింది. కలిపిన సరుకుని అరగంటలో పరచకపోతే డబ్బాలోనే రాయైపోతుంది, అందుకని ఊపిరి బిగబట్టి పనిచేసింది. వానాకాలం గడిచింది. ఊదా నూనె ఆ తెల్ల మూలని ఏమీ చెయ్యలేకపోయింది. మెకానిక్కులు చెప్పాపెట్టకుండా తమ పనిబల్లలు ఒక్కొక్కటే అటు జరుపుకున్నారు, అక్కడ వెలుతురు బాగుంటుందని.

ఇక్కడ నాన్నగారు ఒక మెలిక పెట్టారు. తమ్ముడి స్టిక్కర్లకి చోటు చాలట్లేదు, పాప షెడ్డు కావాలి. "హ్యాంగర్ వాళ్ళు కొంటే షెడ్డు నీదేనమ్మా. కొనకపోతే ఆ పూత సంగతి ఇంక మర్చిపో. పైన లెక్కల గదిలో కూర్చుందువు గాని, ఫ్యాన్ కింద హాయిగా ఉంటుంది" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు, అదే పాపకి ఎక్కువ బాధ కలిగించింది. షెడ్డు పోతే ఆమెకి మిగిలేది ఆ ఫ్యాన్ గాలే.

చీఫ్ చివరి మాట చెప్తానన్న రోజు దగ్గరపడింది. అన్నాలు తింటూ పాప హ్యాంగర్ సంగతులు చెప్పింది, స్క్రూ పడితే ఎంత గోల అవుతుందో, తెల్ల గచ్చు మీద అది ఎలా కొట్టొచ్చినట్టు కనపడుతుందో. తమ్ముడు తినడం ఆపి విన్నాడు. అక్క మాటలు వాడు అంత శ్రద్ధగా వినడం చూసి ఆమెకి ముచ్చటేసింది. మర్నాడు వాడు వెళ్ళి ఆ మాటలే బాణాలాయనకి చెప్పాడు. ఆయన తెర మీద ఒక వంకర బాణం గీసి, "గచ్చుకి నోరు లేదు సార్. నొప్పి చూపించాలి, ఆ పక్కనే మందు చూపించాలి" అన్నాడు. ఎప్పట్లాగే బాణం వేసి తను పక్కకి తప్పుకున్నాడు. మిగతాది తమ్ముడు సొంత బుర్రతో ఆలోచించాడు.

చీఫ్ చెప్పిన రోజు మధ్యాహ్నం నాన్నగారు, తమ్ముడు, పాప ముగ్గురూ హ్యాంగర్‌కి వెళ్ళారు. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర కాపలా ఆయన ప్లాస్టిక్ ట్రే ముందుకు తోశాడు. తాళాలు, చిల్లర, పెన్నులు, ఒంటి మీద జారిపడే వస్తువు ఏదున్నా అందులో పెట్టాలి. నాన్నగారు దువ్వెన, మాత్రల అట్ట పెట్టారు. ఉంగరం తియ్యమంటే, "ఇది రాదయ్యా" అని కాసేపు మొరాయించి, సబ్బు నీళ్ళతో తీశారు. తమ్ముడు అన్నిటికంటే ముందే బుద్ధిమంతుడిలా జేబులు ఖాళీ చేశాడు. మోచేతి దాకా మడిచిన చొక్కా చేతి మడతలో ఏముందో అడగడం కాపలా ఆయనకి తోచలేదు.

తెల్ల మూల మీద ఆ రోజు ఒక పెద్ద విమానం ముక్కు ఆనించినట్టు నిలబడి ఉంది. మర్నాడు పొద్దున్నే అది జనంతో ఎగరాలి. పని పూర్తయింది, మెకానిక్కులు పనిముట్లు తుడిచి బోర్డుకి తగిలిస్తున్నారు. బోర్డు మీద ప్రతి పనిముట్టు ఆకారమూ రంగుతో గీసి ఉంది, ఒక్కటి లేకపోయినా ఆ ఖాళీ దూరం నుంచే కనపడుతుంది. చీఫ్ గచ్చు మీద టార్చి వాల్చి చూస్తూ, నాన్నగారికి తను గమనించినవన్నీ చెప్తోంది. నాన్నగారు సుత్తి తెచ్చుకోనివ్వలేదని చిన్నబుచ్చుకుని ఉన్నారు. తమ్ముడు విమానం ముక్కుని మెచ్చుకుంటూ చెయ్యి పైకెత్తాడు. చొక్కా మడత విడిపోయింది.

టింగుమని చిన్న చప్పుడైంది. కాసేపాగి తమ్ముడు, "మేడం, అక్కడేదో మెరుస్తున్నట్టుంది" అన్నాడు.

చిటికెన వేలి గోరంత స్క్రూ. తెల్ల గచ్చు నడిమధ్యన, పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు ఉంది. తమ్ముడి మొహం వెలిగిపోతోంది. వాడు శభాష్ కోసం ఎదురు చూస్తున్నాడు. బోర్డు దగ్గర చేతులు ఆగిపోయాయి. చీఫ్ మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసి, అప్పుడు తొడుగున్న చేత్తో తీసింది.

"ఇది ఎక్కడిది?" అంది.

"ఎక్కడిదైతేనేం మేడం, కనపడింది కదా" అన్నాడు తమ్ముడు.

అక్కడే తమ్ముడు పొరపడ్డాడు. పోయిన స్క్రూ దొరికితే కథ కంచికి చేరుతుందని వాడి లెక్క. స్క్రూ పోయిందని ఎవరూ అనకముందే ఒక స్క్రూ దొరికితే హ్యాంగర్‌లో అంతకంటే పెద్ద ఉపద్రవం లేదు. అది ఎక్కణ్ణుంచో ఊడి పడింది. అది ఉండాల్సిన చోట ఇప్పుడు ఒక బొక్క ఉంది, ఆ బొక్క ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

"పాత గచ్చు మీదైతే ఇది కనపడేదా మేడం?" అన్నారు నాన్నగారు, సందు దొరికిందని.

"కనపడేది కాదు" అంది చీఫ్. "పొద్దున విమానం అలాగే ఎగిరిపోయేది." లేచి నిలబడింది. "ఇంక ఆలోచించేదేం లేదు. హ్యాంగర్ అంతా ఈ పూతే వేయిద్దాం. కాగితాలు ఈరోజే రాసుకుందాం. కానీ ముందు ఇది ఎక్కడిదో తేలాలి."

తుడిచి తగిలించిన పనిముట్లన్నీ మళ్ళీ బోర్డు దిగాయి. ఇంటికి బయల్దేరిన వాళ్ళు వెనక్కొచ్చి చేతి తొడుగులు వేసుకున్నారు. ఒకాయన గోడవైపు తిరిగి, ఈ పూట రాలేనని భార్యకి ఫోన్‌లో నచ్చచెప్తున్నాడు. విమానం పొట్ట కింద మూతలు ఒక్కొక్కటే విప్పడం మొదలైంది.

పాప చీఫ్ అరచేతిలో ఉన్న స్క్రూని చూసింది. దాని తల మీద కూడిక గుర్తు గాడి ఒక పక్క అరిగి ఉంది. ఆ అరుగుదల ఆమె చేతిదే. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున షెడ్డులో సరుకు కలిపే తన మిక్సర్ మూత విప్పి, సాయంత్రం బిగించిన స్క్రూ అది. ఊళ్ళో ఇన్ని ఇనప సామాన్ల కొట్లుండగా వీడికి తన మిక్సరే దొరికింది.

మంచినీళ్ళ ట్యాంకు పక్కన తమ్ముణ్ణి పట్టుకుని నిలదీసింది. వాడు నీళ్ళు నమల్లేదు. "ఆర్డర్ వచ్చేసిందక్కా. నువ్వు ఆరేళ్ళు చేసి అమ్మలేనిది నేను ఒక్క స్క్రూతో అమ్మాను. కాసేపు వెతికి వాళ్ళే వదిలేస్తారు" అన్నాడు.

"వదిలెయ్యరురా. వీళ్ళు వదిలేసే మనుషులు కాదు."

"అయితే ఇంకా మంచిది, మన గచ్చు విలువ ఇంకా బాగా తెలుస్తుంది."

నాన్నగారు సంగతి విని ఒక్క క్షణం తటపటాయించారు. ఆయన చెడ్డవాడు కాదు, వ్యాపారస్తుడు. "ఇందులో అబద్ధం ఏముందమ్మా" అన్నారు చివరికి. "గచ్చు నిజం. స్క్రూ నిజం. కనపడటం నిజం. మనం నోరు తెరిచి ఒక్క అబద్ధం ఆడామా?"

పాప వెళ్ళి గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. నిజం చెప్పాలంటే, ఆమె వెంటనే లేచి చెప్పెయ్యలేదు. చెప్పకూడదనే అనుకుంది. ఆర్డర్ చేతికొచ్చింది, షెడ్డు దక్కింది, ఆ తెలుపు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరుచుకోవడం కళ్ళ ముందు కనపడుతోంది. తను చెయ్యాల్సిందల్లా ఊరికే కూర్చోవడం. పుట్టినప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆమె చేస్తున్నది అదే కదా, ఇంకో పూట చేస్తే అరిగిపోతుందా? తమ్ముడి మీద ఒళ్ళు మండుతున్నా, లోపల ఏ మూలో వాడికి థాంక్స్ కూడా చెప్పుకుంది. ఆ సంగతి తనకే తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది.

చీఫ్ స్క్రూని అందరికీ చూపిస్తూ వస్తోంది. "విమానానిదిలా లేదు. కానీ లేదేమో అనుకుని పంపించడం మన ఇంటా వంటా లేదు. లోపల సీట్లవీ అరలవీ బయటివాళ్ళు బిగించారు, ఎక్కడిదైనా కావచ్చు. ముక్కు కింద మూత చివరిసారి మూసింది ఎవరు?"

"నేనే" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ ఆయన్ని తాతగారు అంటారు. ఆ హ్యాంగర్‌లో ఆయన చేతి పనిని మళ్ళీ ఎవరూ తనిఖీ చెయ్యక్కర్లేదని పాపకి వానాకాలంలోనే మెకానిక్కులు చెప్పారు.

"అన్నీ బిగించారా?"

"బిగించాను." ఆయన స్క్రూ వంక చూశాడు. తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. "బిగించాననే అనుకుంటున్నాను" అన్నాడు.

ఆయన నిచ్చెన ఎక్కి, తను పొద్దున మూసిన మూతని తనే విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన ప్రతి స్క్రూనీ రెండేసిసార్లు లెక్కపెట్టుకుంటున్నాడు. పక్కన ఉన్న ఇద్దరు కుర్ర మెకానిక్కులు కళ్ళతోనే ఏదో అనుకున్నారు, పెద్దవాడైపోయాడు పాపం అన్నట్టు. పాపకి ఎవరో తన ఎదుటే ఒక మనిషి జేబులోంచి కొట్టేస్తుంటే చూస్తూ కూర్చున్నట్టు అనిపించింది. కొట్టేసింది తన మనుషులే, కొట్టేసింది తన కోసమే.

లేచి వెళ్ళి చీఫ్ ముందు నిలబడింది.

"ఆ స్క్రూ మీ విమానానిది కాదండీ. నా మిక్సర్ మూతది. మా తమ్ముడు కావాలని పడేశాడు."

హ్యాంగర్ పెద్దది కాబట్టి ఆ మాట అందరికీ చేరడానికి కొంచెం సమయం పట్టింది. చీఫ్ మొహంలో ఏ మార్పూ లేదు. "మీదేనని నేను ఎలా నమ్మాలి?" అంది.

"తల కింద చూడండి. నా పూత అంటుకుని ఉంటుంది. గోరుతో గీకినా రాదు."

చీఫ్ టార్చి వెలుగులో చూసింది, గోరుతో గీకింది. రాలేదు. నిచ్చెన మీద తాతగారు అలాగే కూర్చుండిపోయి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తమ్ముడు ఏదో అనబోతే చీఫ్ చెయ్యి చూపించి ఆపింది. విప్పిన ప్రతి మూతనీ జాగ్రత్తగా చూసి మళ్ళీ మూసెయ్యమని మనుషులకి చెప్పి, ముగ్గుర్నీ తన గదికి రమ్మంది.

గదిలో ఆవిడ కూర్చుంది. వాళ్ళని కూర్చోమనలేదు.

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "కుర్రతనం మేడం. వాడి ఉద్దేశం మంచిదే. గచ్చులో మాత్రం లోపం లేదు, మీరే అన్నారు."

"గచ్చులో లోపం లేదు" అంది చీఫ్. "ఇది వేరే ఎవరు తెచ్చినా ఈరోజే కొనేదాన్ని. మీ సంస్థ మనిషి మాత్రం ఇంక నా హ్యాంగర్‌లో అడుగు పెట్టడానికి వీల్లేదు." బల్ల మీద నాన్నగారు వచ్చీ రాగానే ఇచ్చిన విజిటింగ్ కార్డు ఉంది. ఆవిడ దాన్ని తీసి చదివింది. నాన్నగారి ఇంటిపేరు, దాని పక్కన 'అండ్ సన్', కింద తండ్రి పేరు, కొడుకు పేరు, ఇద్దరి హోదాలు.

"మీ పేరేదండీ ఇందులో?" అని పాపని అడిగింది.

"లేదండీ."

"పూత చేసింది మీరే కదా?"

"నేనే."

"మరి బోర్డు మీదైనా ఉందా?"

"లేదండీ. కాగితాల్లో కూడా ఎక్కడా లేదు. నేను ఊరికే... ఇంటి మనిషిని."

చీఫ్ కార్డుని బల్ల మీద బోర్లా పెట్టి, మొట్టమొదటిసారి తలెత్తి పాప కళ్ళలోకి చూసింది. "అయితే మీరు ఆ సంస్థ మనిషి కాదన్నమాట" అంది. "మీ సొంతంగా ఎప్పుడు వేయగలరో చూసుకుని రాయండి. ఉత్తరం మీ పేరు మీద రావాలి."

బయట ఎండ ఇంకా ఉంది. కాపలా ఆయన ట్రే తిరిగిచ్చాడు. నాన్నగారు ఉంగరం వేలికి ఎక్కించుకునే ప్రయత్నం చేస్తూ కారు దాకా నడిచారు. ఆయన బుర్ర అప్పటికే పనిచెయ్యడం మొదలుపెట్టిందని ఆ నడకలోనే తెలుస్తోంది.

"ఏమైతేనేం, మార్కెట్ దొరికింది" అన్నారు కారు దగ్గర ఆగి. "రేపే పెయింటర్‌ని పిలిచి బోర్డు మార్పిస్తానమ్మా. అండ్ సన్ అండ్ డాటర్. కావాలంటే నీ పేరే ముందు రాయిద్దాం."

ఈ మాట ఆరేళ్ళ కిందట అని ఉంటే ఆమె కాళ్ళు నేల మీద ఆనేవి కావు. నిన్న అని ఉన్నా సరిపోయేది.

"వద్దు నాన్నా" అంది పాప. "నా పేరు రాస్తే ఆవిడ నన్ను కూడా రానివ్వదు."

"మరి సరుకు ఎక్కడ కలుపుతావక్కా?" అన్నాడు తమ్ముడు, ఇంకా నవ్వు పులుముకుని. "షెడ్డు మాది."

"ఖాళీ చెయ్యమన్నారుగా, చేస్తాను. నీ స్టిక్కర్లు పెట్టుకో. మిక్సర్ నేను దాచుకున్న డబ్బుతో కొన్నది, అది తీసుకెళ్తాను."

నాన్నగారికి అప్పటికి గానీ విషయం పూర్తిగా ఎక్కలేదు. ఉంగరం సగంలో ఆగిపోయింది. ఆయన కూతుర్ని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "అంటే, కన్నకూతురివి, నువ్వు మాకు పోటీగా దిగుతావా?" అన్నారు. గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ ఉంది.

పాపకి ఆయన్ని చూస్తే జాలేసింది. అయినా చెప్పాల్సింది చెప్పింది.

"పోటీ ఎలా అవుతుంది నాన్నా? గట్టి గచ్చు చేసేవాళ్ళు మీ దగ్గర ఎవరూ లేరుగా."